అరగని టైరుకూ ఆయువు తీరుతుంది!

అనంతపురంలో మే నెల. పొద్దున తొమ్మిదింటికే తారురోడ్డు మీద సెగలు లేస్తున్నాయి. పిల్లలకు సెలవులు, పైగా పాత మొక్కు... మా అక్కా బావల తిరుపతి ప్రయాణం ఖాయమైంది. ఏడుగురు పట్టే పెద్దబండి ఇంట్లోనే ఉంది. 'దారిలో ఇబ్బంది లేకుండా ఓసారి గాలి చూపించుకొద్దాం రా' అంటూ నన్నూ వెంటేసుకుని టైర్ల షాపుకు బయల్దేరాడు బావ. 2025 వేసవి సంగతి ఇది.

గాలి చూసిన కుర్రాడు ఏమీ అనలేదు. షాపు పెద్దాయనే లేచొచ్చాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలితో దుమ్ము తుడిచి, తలెత్తి చూశాడు.

"ఈ టైర్లేసుకోని యాడికి పోతాండారు సార్?"

"తిరుపతికి. ఏం, బాగానే ఉన్నాయి కదా! బండి తిరిగింది నలభై వేల కిలోమీటర్లే. సగం కూడా అరగలేదు" అన్నాడు బావ.

"అరగలేదు సార్. చిక్కంతా ఆడనే ఉండేది" అని పెద్దాయన ఓచోట వేలు పెట్టి చూపించాడు. చిన్న కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలు... 2417. 2017వ సంవత్సరం, ఇరవై నాలుగో వారంలో తయారైన టైరు అని దానర్థం. అంటే దాదాపు ఎనిమిదేళ్లు. ఆ పక్కనే రబ్బరు మీద వెంట్రుకవాసి పగుళ్లు, ఎండిన చెరువులో నెర్రెల్లా.

"గాడులు చూస్తే కొత్త టైరు మాదిరే ఉండాది. రబ్బరు మాత్రం అప్పడం అయిపోయిండాది" అన్నాడాయన.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతకు నెలరోజుల ముందే ఇవే టైర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని బెంగళూరు వెళ్లొచ్చాడు మరి!

ఇక్కడ అరగవు... ఎండిపోతాయి

టైరు మార్చాలా వద్దా అనేదానికి మనలో చాలామందికి ఒకటే కొలత. అరిగిందా, లేదా? రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగే బండికి ఆ కొలత చాలావరకు సరిపోతుంది. నాలుగేళ్లు తిరిగేసరికి టైరే నున్నగా అయిపోయి గుర్తుచేస్తుంది. అనంత లాంటి చోట, ఇంటిముందు ఎండలో నిలబడి పండగలకీ పెళ్లిళ్లకీ మాత్రమే కదిలే బండికి ఆ లెక్క పనికిరాదు. ఇంటాయనకు బెంగళూరులో ఉద్యోగం, బండేమో ఇక్కడ! వారానికోసారి తాళం తిప్పితే గొప్ప. ఇలాంటి ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. ఆ బండ్ల టైర్లు అరగడానికి ముందే ఎండిపోతాయి.

రబ్బరు గట్టిపడకుండా, పగలకుండా ఉండటానికి టైరు తయారీలో కొన్ని నూనెలు, రసాయనాలు కలుపుతారు. బండి తిరుగుతూ టైరు వంగుతూ సాగుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి చేరి రబ్బరును కాపాడతాయి. కదలని బండికి ఆ భాగ్యం లేదు. పైనుంచి ఎండ, గాలిలోని ఓజోన్, కింద సలసలకాగే నేల... మూడూ కలిసి రబ్బరును తినేస్తుంటాయి. ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ప్రాంతమిది. మిగతా రోజుల్లో ఆకాశం ఏం చేస్తుందో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పాలా!

దీనికి వేగం తోడైతే? మా బావ బండి టైరు సైజు 235/65 ఆర్17. చుట్టుకొలత లెక్కేస్తే గంటకు వంద కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పన్నెండుసార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన చోట నొక్కుకుని మళ్లీ సాగుతుంది. గంటలో నలభై మూడు వేలసార్లు! ఇనుపతీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కి చివరికి తెగుతుంది చూశారా... టైరులోనూ అలాగే వేడి పుడుతుంది. కింద తారురోడ్డేమో మండువేసవి మధ్యాహ్నం అరవై డిగ్రీల దాకా కాగి ఉంటుంది. కొత్త టైరు ఈ వేడిని తట్టుకుంటుంది. లోపలి ఉక్కుతీగల పట్టీకీ పైనున్న రబ్బరుకూ మధ్య పట్టు సడలిన ముసలి టైరు తట్టుకోలేదు. పైపొర ఒక్కసారిగా పట్టీలా ఊడివస్తుంది. గుత్తి నుంచి పెనుకొండ దాకా 44వ నంబరు జాతీయ రహదారి అంచున నల్లటి రబ్బరు పేలికలు పడి ఉంటాయి, గమనించారా? చాలావరకు లారీలవే కావొచ్చు. కానీ కారు టైరుకు వేరే ధర్మమేమీ లేదు.

ఎన్నేళ్లకు మార్చాలి మరి? ఆరేళ్లు దాటితే అరుగుదలతో నిమిత్తం లేకుండా మార్చేయమని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. అయిదేళ్ల నుంచి ఏటా తనిఖీ చేయించుకోండి, పదేళ్లు దాటితే ఎంత బాగున్నా వాడొద్దు అంటారు కొందరు టైర్ల తయారీదారులు. ఈ రెండింటి మధ్యలో మన ఎండకు ఏ కొస దగ్గర ఉండాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. నన్నడిగితే ఆరేళ్లే.

'ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తగ్గించు'

వేసవిలో గాలి కొట్టించే చోట ఓ పది నిమిషాలు నిలబడండి. ఈ మాట కనీసం ఒకరి నోటైనా వినబడుతుంది. ఎండకు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, కాబట్టి ఎక్కువుంటే టైరు పేలుతుంది, కాబట్టి ముందే తగ్గించి పెట్టుకోవాలి... వినడానికి ఎంత సబబుగా ఉంది! నేనూ చాలా ఏళ్లు అలాగే చేయించాను.

జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. గాలి తగ్గితే టైరు పక్కభాగం, అంటే సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంగితే ఎక్కువ వేడి. ఎక్కువ వేడి అంటే అతుకులు సడలడం. వేసవిలో టైర్లు పేలడానికి గాలి ఎక్కువవడం కన్నా తక్కువవడమే పెద్ద కారణం. సుమారు అయిదున్నర డిగ్రీలు వేడి పెరిగితే టైరులో గాలి ఒక పాయింటు పెరుగుతుంది. కంపెనీవాళ్లకు ఆ సంగతి తెలుసు. అదంతా లెక్కలో వేసుకునే చల్లటి టైరుకు ఎంత ఉండాలో చెబుతారు. ఆ అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. ఇద్దరు ఎక్కితే ఎంత, బండి నిండా జనం, సామాను ఉంటే ఎంత... రెండూ విడివిడిగా రాసి ఉంటాయి చాలా బండ్లలో. టైరు మీద అచ్చయి ఉండే పెద్ద అంకె చూసి అంత కొట్టించేవాళ్లూ ఉన్నారు. అది ఆ టైరు భరించగల గరిష్ఠం. మీ బండికి కావాల్సింది అది కాదు.

పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. వంద కిలోమీటర్లు వచ్చాక దాబా దగ్గర ఆపి చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అది చూసి కంగారుపడి గాలి తీయించేస్తే, చల్లబడ్డాక ఆ టైరు ఆకలితో ఉన్నట్టే.

నైట్రోజన్ గురించి కూడా ఓ మాట. 'అది కొట్టిస్తే టైరు పేలదట కదా' అని అడుగుతుంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. దానివల్ల నష్టం లేదు. కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, అంతే. నైట్రోజన్ ఉంది కదా అని మూడు నెలలు చూడకుండా వదిలేస్తే మాత్రం మామూలు గాలే నయం.

అమెరికా నేర్చుకున్న పాఠం

గాలి తగ్గించడం, ఎండ, వేగం, బరువు... ఈ నాలుగూ ఒకచోట చేరితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2000వ సంవత్సరం ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీలకు వేసినవే. కుటుంబాలు పిల్లాపాపలతో షికార్లకు వాడుకునే బండి అది. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోవడం, ఎత్తైన బండి అదుపు తప్పి పల్టీలు కొట్టడం... ఈ ప్రమాదాలతో ముడిపడిన మరణాలు అమెరికాలోనే 271 అని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్కతేల్చింది. ఆ ప్రమాదాలు ఎక్కువగా జరిగింది ఎక్కడో తెలుసా? టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా, కాలిఫోర్నియా లాంటి వేడి రాష్ట్రాల్లో.

ఆ బండికి ఫోర్డ్ సూచించిన గాలి 26 పాయింట్లు. 30 ఉండాలన్నది ఫైర్‌స్టోన్ వాదన. టైరుదే తప్పని ఒకరు, బండిదే తప్పని మరొకరు దెబ్బలాడుకుని, దాదాపు వందేళ్ల వ్యాపార బంధాన్ని 2001లో తెంచుకున్నారు. టైర్ల తయారీలోనే లోపం ఉందని దర్యాప్తులో తేలింది. అయినా ఆ నాలుగు పాయింట్ల సంగతి మర్చిపోవద్దు. టైరులో గాలి తగ్గితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు కొత్త బండ్లన్నింటిలో తప్పనిసరి అంటూ ఆ తర్వాత అమెరికా చట్టం చేసింది. ఇప్పుడు మన బండ్లలోనూ కనిపిస్తున్న ఆ పసుపుపచ్చ గుర్తు, గుర్రపులాడం లాంటి బొమ్మలో ఆశ్చర్యార్థకం... దాని వెనకున్న కథ ఇదీ. అది వెలిగితే 'సెన్సరు పాడైనట్టుంది' అనుకోకుండా దిగి చూడండి.

టైరు మీదే అంతా రాసుంది

ఇక కొనడం సంగతి. మనకు కావాల్సిన సమాచారమంతా టైరు మీదే అచ్చయి ఉంటుంది. 235/65 ఆర్17 104 హెచ్ అని ఉందనుకోండి. వెడల్పు 235 మిల్లీమీటర్లు. పక్కభాగం ఎత్తు అందులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 17 అంటే డిస్కు వ్యాసం, అంగుళాల్లో. ఇంతవరకు షాపువాళ్లే చూసుకుంటారు. ఆ తర్వాతి అంకె, అక్షరమే మనం చూడాలి.

104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోయగలదు. 100 అయితే 800 కిలోలే. 96కు 710. సైజు ఒకటే అయినా ఈ అంకె తక్కువున్న టైరు కాస్త చవగ్గా రావొచ్చు. వద్దు. బండితో వచ్చిన అంకె కన్నా ఒక్కటి కూడా తగ్గకూడదు. ఏడుగురు మనుషులు, నెత్తిన క్యారియరు, ఊరి నుంచి వస్తూ రెండు బస్తాల శెనక్కాయలు... మన బండ్లు ఖాళీగా తిరిగేదెప్పుడు?

చివరి అక్షరం వేగానిది. ఎస్ అంటే 180 కిలోమీటర్లు, టి 190, హెచ్ 210, వి 240. 'అంత వేగంతో పోయేదెవరు, ఏదైనా ఒకటే కదా' అనిపిస్తుంది. కానీ ఈ అక్షరం నిజానికి వేడికి కొలత. ఎక్కువ వేగానికి పరీక్షించిన టైరంటే ఎక్కువ వేడిని తట్టుకుని నిలిచిన టైరని అర్థం. మన వంద కిలోమీటర్ల వేగానికి, నలభై రెండు డిగ్రీల ఎండకి ఆ మిగులే రక్ష. కొన్ని టైర్ల మీద 'టెంపరేచర్' అని ప్రత్యేకంగా ఎ, బి, సి గ్రేడులు కూడా ఉంటాయి. కనబడితే ఎ చూసి తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు ఎలాగూ ఉండాలి. కారు టైర్లకైతే దాని పక్కన ఐఎస్ 15633 అని ఉంటుంది.

బండి గంభీరంగా కనబడాలని పెద్ద సైజు వేయించే మోజు ఈమధ్య మన దగ్గరా పెరిగింది. ఇదే బండికి 245/70 ఆర్17 వేయించారనుకుందాం. టైరు వ్యాసం అయిదు శాతం పెరుగుతుంది. మీటరు వంద చూపిస్తుంటే మీరు నిజానికి 105లో పోతుంటారు. బ్రేకులకు పని ఎక్కువ, మైలేజీ తక్కువ, బండి ఎత్తు పెరిగి మలుపుల్లో ఊగుతుంది. తిరుమల ఘాట్‌లో దిగేటప్పుడు ఆ గంభీరం సంగతి తెలుస్తుంది!

రాళ్లదారికి ఏ టైరు?

ఇక్కడే అసలు చర్చ. ఎస్‌యూవీ టైర్లలో ప్రధానంగా మూడు రకాలు. హెచ్‌టి అంటే రోడ్డు కోసం చేసినవి. ఏటి అంటే రోడ్డుకీ మట్టిదారికీ మధ్యేమార్గం. ఎంటి అంటే బురదలో దిగబడే జీపుల కోసం, పెద్దపెద్ద దిమ్మెలతో ఉంటాయి. 'మాది రాళ్లసీమ, మాకు ఏటినే కావాలి' అనేవాళ్లు ఎక్కువ. చూడటానికి మొరటుగా, బాగుంటాయి కూడా.

మీ బండి ఏడాదిలో ఎక్కడెక్కడ తిరిగిందో ఓసారి గుర్తుచేసుకోండి. బెంగళూరు, హైదరాబాద్, తిరుపతి. మధ్యలో పుట్టపర్తి, లేపాక్షి, కసాపురం ఆంజనేయస్వామి, చుట్టాలొస్తే తిమ్మమ్మ మర్రిమాను. అన్నీ తారురోడ్లే. మట్టిదారి ఎంత? ఊరి పొలిమేర నుంచి తోట దాకా రెండు కిలోమీటర్లు, అదీ నెలకోసారి. దానికోసం మిగతా దారంతా బరువైన, మోతచేసే, తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే కాస్త ఎక్కువ దూరం జారే టైరును ఈడ్చుకుపోవడం దేనికి? నా మాటకైతే, ఇలాంటి కుటుంబాలకు హెచ్‌టినే సరైనది.

కానీ రోజూ తోటకు పోయే రైతు సంగతి వేరు. కళ్యాణదుర్గం, రాయదుర్గం పక్క చేలదారుల్లో పదునైన రాతిముక్కలు, కంపముళ్లు కాచుకుని ఉంటాయి. ముల్లు గాడిలో దిగితే పంక్చరు వేయించుకోవచ్చు. రాయి సైడ్‌వాల్‌ను కోస్తే ఇక అతుకు లేదు. ఆ టైరు పారేయాల్సిందే. అందులో ట్యూబు పెట్టి నడిపించే పద్ధతి మన దగ్గర ఉంది. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పెడితే రెండింటి రాపిడికి వేడి ఇంకా పెరుగుతుంది. ఊరు చేరడానికి సరే, హైవే ఎక్కడానికి కాదు. ఇలా వారంలో నాలుగైదు రోజులు రాళ్లలో తిరిగేవాళ్లకు పక్కభాగం గట్టిగా ఉండే ఏటి టైరు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఎంటి మాత్రం మన జిల్లాలో ఎవరికి అవసరమో నాకు తోచలేదు. బురద ఉంటే కదా!

వాన లేని ఊళ్లో తడి గొడవ

'వానే పడని చోట తడిరోడ్డు పట్టు ఎందుకండీ' అని బావ కూడా అన్నాడు. నెలల తరబడి రోడ్డు మీద దుమ్ము, బండ్లు కార్చిన నూనె పేరుకుని ఉంటాయి. మొదటి చినుకులకు అదంతా జిగట ముద్దవుతుంది. రోజూ వానలుపడే చోట రోడ్డు కడిగేసినట్టుంటుంది. మన దగ్గర మొదటి అరగంట సబ్బు రాసినట్టుంటుంది. ఎండకు గట్టిపడ్డ రబ్బరుకు అక్కడ అసలు పట్టే దొరకదు. వేడికీ ఓర్చుకోవాలి, తడిలోనూ పట్టుకోవాలి. టైర్లకు తడిరోడ్డు పట్టు, దొర్లడంలో నష్టం, శబ్దం విషయాల్లో కనీస ప్రమాణాలు ఉండాలని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది కాబట్టి, కొత్తగా తయారైన టైరు కొనడానికి ఇదో కారణం.

గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు కట్టలుంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి వాటితో సమానమైతే ఇక వాడకూడదు. అంతవరకు ఆగకుండా కాస్త ముందే మారిస్తే వానరోజున మేలు.

రెండే మారుస్తున్నారా? కొత్తవి వెనక వేయించండి. ఇది చాలామందికి మింగుడుపడదు. స్టీరింగు ముందుంది కాబట్టి కొత్తవి ముందే ఉండాలంటారు. ముందు చక్రాలు జారితే స్టీరింగుతో, వేగం తగ్గించి ఎలాగో సర్దుకుంటాం. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే నాలుగూ ఒకేసారి, ఒకే రకం మార్చుకోవాలి.

షాపులో...

డబ్బులిచ్చే ముందు తేదీ చూడండి. ఆ నాలుగంకెలు కొన్ని టైర్లకు ఒకపక్కనే ఉంటాయి. డిస్కుకు ఎక్కించాక అది లోపలివైపు పోతే కనబడదు. అందుకే ఎక్కించక ముందే అయిదింటికీ చూడాలి. ఆరునెలల లోపుదైతే మంచిది. నీడలో, చల్లటిచోట ఉంచిన టైరు ఏడాది పాతదైనా కంగారేం లేదు. షాపు ముందు ఎండలో దొంతర పేర్చిన టైరు మాత్రం నిన్నటిదైనా నాకొద్దు. పాత టైరుకు నల్లరంగు పాలిష్ కొట్టి మెరిపించిన 'సెకండ్‌హ్యాండ్' సరుకు జోలికి అసలే పోవద్దు. ఆర్టీసీ బస్సులు, లారీలకు పైరబ్బరు కొత్తగా వేసి రీట్రెడ్ చేస్తారు. వాటి నిర్మాణం, వాటి తనిఖీ వేరు. కుటుంబం ఎక్కే కారుకు ఆ బేరం వద్దు.

బిల్లు తీసుకోండి. టైరు నంబర్లు, తేదీ అందులో రాయించండి. కారు టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. మా బావ అంతకు నాలుగు నెలల ముందే కొన్నాడు. ఆ సంగతి ఆయన దగ్గర ఎత్తకపోవడమే మంచిది! గాలి నింపే రబ్బరు వాల్వులు కూడా టైర్లతోపాటే మార్పించాలి. ఎండకు అవీ పగులుతాయి. పెద్ద ఖర్చూ కాదు. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు ఎలాగూ తప్పవు.

ఇన్ని చూసుకున్నా ఎప్పుడైనా టైరు పేలితే? బ్రేకు మీద కాలు వేయొద్దు. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా, తిన్నగా పట్టుకోండి. యాక్సిలరేటరు మీద కాలు నెమ్మదిగా తీయండి. బండి తనంతట తాను నెమ్మదించాక పక్కకు తీసుకోవచ్చు. చదవడానికి సులువే... ఆ క్షణంలో కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. అందుకే ముందే మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుని పెట్టుకోవాలి.

అయిదోది

నాలుగు టైర్లకు ధర మాట్లాడుకున్నాక పెద్దాయన బండి వెనక్కి వెళ్లి వంగి చూశాడు. "స్టెప్నీ?"

"దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. పసుపుగీతలు కూడా చెరగలేదు" అన్నాడు బావ గర్వంగా.

కిందికి దింపి తుడిస్తే... 2417. అదే నెల, అదే వారం. ఎనిమిదేళ్లు బండి పొట్టకింద దుమ్ములో, పొగగొట్టం వేడికి దగ్గరగా వేలాడుతూ ముసలిదైపోయింది. దారిలో టైరు పోతే దిక్కని మనం నమ్ముకునేది దీన్నే. గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు ఉన్న బండికి స్టెప్నీ లేకపోయినా పర్లేదని 2020లో నిబంధన సడలించారు. కొన్ని కొత్త బండ్లు దాన్ని లేకుండానే వస్తున్నాయి. కిట్టుతో మేకు రంధ్రం పూడుతుంది. రాయి కోసిన సైడ్‌వాల్ పూడదు. కదిరి దాటాక రాత్రిపూట ఏం చేస్తారో ఆలోచించుకుని బండి కొనాలి.

అయిదింటి ధర విని బావ గొంతు తడారిపోయింది. అక్కకు ఫోన్ చేశాడు. 'నాలుగు మారుస్తే సరిపోదా' అన్నట్టు ఏదో నసిగాడు. అక్క గొంతు నాకు కూడా వినబడింది... "ఏడుమంది పోతాండాం. పిల్లలుండారు. అయిదూ ఏపించుకోని రా."

మధ్యాహ్నానికి పని పూర్తయింది. కొత్తవి హెచ్‌టి రకం, పాత సైజే, 104 హెచ్. పాతవి గోడవారన పేర్చి ఉన్నాయి. అప్పటికే అక్కడ ఒకాయన నిలబడి ఉన్నాడు. పల్లెకు జనాన్ని తోలే జీపు ఆయనది. "అన్నా, గాడులు బాగుండాయి. నాకియ్యి, ఏదో ఒకటిస్తా" అన్నాడు.

పెద్దాయన జవాబివ్వలేదు. లోపలికెళ్లి కత్తి తెచ్చాడు. ఒక్కో టైరునూ కాలికింద తొక్కిపట్టి సైడ్‌వాల్‌లోకి కత్తి దింపి జానెడు పొడుగున కోశాడు. అయిదింటినీ, ఒక్కసారి కూడా రోడ్డెక్కని ఆ స్టెప్నీతో సహా. జీపాయన కాసేపు చూసి, తన బండి ముందు చక్రం దగ్గర కూర్చుని వేలితో దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.